నల్లా నీళ్లలో మందు వాసన: క్లోరిన్ గురించి ఒక పాఠం



వానలు మొదలయ్యాయంటే ఆసుపత్రి ఓపీకి వాంతులు, నీళ్ల విరేచనాలతో పిల్లలను ఎత్తుకొచ్చే తల్లులు ఎక్కువవుతారు. "ఏ నీళ్లు తాగిస్తున్నారమ్మా?" అని అడిగితే తరచుగా వినిపించే జవాబు ఇది: "నల్లా నీళ్లు మందు వాసనొస్తున్నయి, అందుకే బోరింగు నీళ్లు పోస్తున్నం." మరికొందరు నల్లా నీళ్లు పట్టి, బిందె మీద మూత తీసి రాత్రంతా ఉంచి, వాసన పూర్తిగా పోయిన తర్వాతే పిల్లలకు పోస్తారు. వాసన ఉన్నవి చెడ్డ నీళ్లు, వాసన లేనివి మంచి నీళ్లు అని వారి లెక్క. ఈ లెక్క తలకిందులుగా ఉంది. కలరా, టైఫాయిడ్ క్రిములు లక్షల్లో ఉన్నా గ్లాసులో నీళ్లు తేటగానే కనబడతాయి, ఏ వాసనా రాదు. మనం అసహ్యించుకునే ఆ కొద్దిపాటి మందు వాసనే ఇంటిదాకా వచ్చిన కావలి. అది ఏమిటి, ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అనే సంగతులు ఈ నెల చూద్దాం.

ఉప్పులో ఉన్నదే

క్లోరిన్ మన వంటింటికి కొత్తది కాదు. కూరలో వేసే ఉప్పు బరువులో నూటికి 60 పాళ్లు క్లోరినే, మిగిలింది సోడియం. మన కడుపులో అన్నం అరగడానికి ఊరే ఆమ్లంలోనూ క్లోరిన్ ఉంది. అయితే ఉప్పులో ఉన్న క్లోరిన్ కడుపు నిండి కూర్చున్న మనిషి లాంటిది, ఎవరి జోలికీ పోదు. దాన్ని సోడియం నుండి విడదీశామా, స్వభావమే మారిపోతుంది.

కారణం పదో తరగతి పిల్లలు చెప్పగలరు. క్లోరిన్ పరమాణువులో 17 ఎలక్ట్రాన్లు ఉంటాయి. చివరి కక్ష్యలో 7 ఉంటాయి, నిండడానికి 8 కావాలి. ఆ ఒక్కటి కోసం అది ఎదురుపడిన ప్రతి పదార్థం నుండీ ఎలక్ట్రాన్‌ను లాక్కోవాలని చూస్తుంది. దీనినే ఆక్సీకరణం అంటారు. బట్ట మీద మరక రంగు పోయినా, ఇనుప మూత తుప్పు పట్టినా, నీళ్లలో క్రిమి చచ్చినా మూలం ఈ ఒక్క గుణమే.

స్వీడన్ దేశపు షీలే 1774లో ఈ వాయువును మొదటిసారి తయారుచేశాడు. ఆకులకు, పువ్వులకు తగిలితే వాటి రంగు వెలిసిపోవడం ఆయన అప్పుడే గమనించాడు. ఇది ఒక మూలకమని ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1810లో తేల్చి, దాని రంగును బట్టి పేరు పెట్టాడు. గ్రీకు భాషలో 'క్లోరోస్' అంటే పసుపు కలిసిన లేత ఆకుపచ్చ. ఈ వాయువు గాలికన్నా రెండున్నర రెట్లు బరువు. కాబట్టి లీకైతే పైకి పోకుండా నేలను అంటిపెట్టుకుని పల్లానికి పారుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు దీన్ని కందకాల మీదికి వదిలి సైనికుల ఊపిరి తీశారు.

"అంత విషాన్నా మా నీళ్లలో కలిపేది?" అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. జవాబు మోతాదులో ఉంది. భారత ప్రమాణాల సంస్థ చెప్పిన ప్రకారం మన ఇంటికి వచ్చే నల్లా నీటిలో, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అంటే మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు నిండా నీళ్లు ఉంటే అందులో ఉండేది గ్రాములో అయిదో వంతు. కూరలో వేసే చిటికెడు ఉప్పు కూడా దానికన్నా బరువే. లీటరుకు 5 మిల్లీగ్రాముల వరకు ఉన్న నీటిని జీవితాంతం తాగినా హాని లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంత ఉంటే ఆ ఘాటుకు ఎవరూ గ్లాసు నోటిదాకా తీసుకుపోలేరు.

క్లోరిన్‌ను తయారుచేసేది ఉప్పు నీటి నుండే. చిక్కటి ఉప్పు నీటిలో కరెంటు పంపితే ఒక వైపు క్లోరిన్ వాయువు, మరో వైపు కాస్టిక్ సోడా వస్తాయి. గోదావరి జిల్లాల్లోని కొవ్వూరు, సగ్గొండలలో ఆంధ్రా షుగర్స్ వారి కర్మాగారాలు చేసే పని ఇదే. ఆ వాయువును వత్తిడితో ద్రవంగా మార్చి పెద్ద ఇనుప సిలిండర్లలో నీటి శుద్ధి కేంద్రాలకు పంపుతారు. తడి సున్నంతో కలిపి పొడిగా మార్చితే అదే మనందరికీ తెలిసిన బ్లీచింగ్ పొడి. మంచి బ్లీచింగ్ పొడిలో నూటికి 33 పాళ్ల దాకా పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది.

నీళ్లలో పడ్డాక

క్లోరిన్ నీళ్లలో కలిసిన వెంటనే రెండు ఆమ్లాలుగా మారుతుంది. ఒకటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండోది హైపోక్లోరస్ ఆమ్లం. క్రిములను చంపేది ఈ రెండోదే. బ్లీచింగ్ పొడి వేసినా, మాత్ర వేసినా, సిలిండర్ వాయువు కలిపినా చివరికి పనిచేసేది ఇదే మందు.

దీని బలం ఎక్కడుందంటే, దానికి విద్యుదావేశం ఉండదు. క్రిమి పైపొర మీద రుణావేశం ఉంటుంది గనుక రుణావేశం ఉన్న కణాలను నెట్టివేస్తుంది. హైపోక్లోరస్ ఆమ్లాన్ని నెట్టలేదు. అది పొర దాటి లోపలికి వెళ్లి, క్రిమి బతకడానికి అవసరమైన ఎంజైములను పాడుచేస్తుంది. కాని నీళ్లలో క్షార గుణం పెరిగితే ఈ ఆమ్లం విడిపోయి హైపోక్లోరైట్ అయాన్‌గా మారుతుంది. దానికి రుణావేశం ఉంది కాబట్టి లోపలికి చొరబడలేదు. క్రిములను చంపడంలో ఆమ్లానికి 70, 80 రెట్లు తక్కువ. పీహెచ్ 7.5 దగ్గర రెండూ చెరి సగం ఉంటాయి. అందుకే చవిటి నీళ్లకు అదే పొడి అంతే వేసినా ఫలితం తక్కువ.

ఏదైనా ఈ పని క్షణంలో జరిగేది కాదు. కనీసం అరగంట ఇవ్వాలి. మాత్ర వేసి అయిదు నిమిషాల్లో తాగేవారికి మాత్ర వాసన దక్కుతుంది గాని రక్షణ దక్కదు.

చేతుల నుండి చెరువు దాకా

క్లోరిన్ మొదట క్రిములకోసం రాలేదు, గుడ్డలకోసం వచ్చింది. స్కాట్లండులో చార్లెస్ టెన్నెంట్ 1799లో బ్లీచింగ్ పొడికి పేటెంటు పొందింది బట్టలను తెల్లబరచడానికే. అంతకు ముందు నేత బట్టలను వారాల తరబడి ఎండలో పరచి ఉంచేవారు. ఆజంజాహి మిల్లు నడిచిన ఊరివాళ్లం, బట్ట తెల్లబడటం వెనుక ఎంత పని ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ప్రాణాలు కాపాడే గుణాన్ని మొదట చూపించింది ఒక కాన్పుల ఆసుపత్రి. 1847లో వియన్నా నగరంలో డాక్టర్ సెమ్మెల్వైస్ పనిచేసే వార్డులో బాలింతలు జ్వరంతో చనిపోతూ ఉండేవారు. శవాలను కోసి పరీక్షించిన విద్యార్థులు అవే చేతులతో కాన్పు గదికి వస్తున్నారని ఆయన గ్రహించాడు. బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లతో చేతులు కడుక్కున్న తర్వాతే లోపలికి రావాలని నియమం పెట్టాడు. ఆ ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న మరణాలు కొద్ది నెలల్లోనే రెండుకు, అంతకన్నా తక్కువకు పడిపోయాయి. క్రిములు అనే మాట అప్పటికి ఎవరికీ తెలియదు. తోటి వైద్యులు చాలామంది ఆయన్ని నమ్మలేదు.

ఊరి మొత్తం నీటికి రోజూ క్లోరిన్ కలపడం ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో 1905లో టైఫాయిడ్ వచ్చినప్పుడు జరిగింది. అమెరికాలోని జెర్సీ సిటీలో జరిగిన కథ మరీ ఆసక్తికరమైనది. నీళ్లు శుభ్రంగా లేవని నగరం నీటి కంపెనీ మీద కోర్టుకెక్కింది. కంపెనీ తరఫు వైద్యుడు డాక్టర్ జాన్ లీల్, ఎవరి అనుమతీ అడగకుండా బ్లీచింగ్ పొడి ద్రావణం కలిపే ఏర్పాటు కట్టించి 1908 సెప్టెంబరు 26న మొదలుపెట్టాడు. నీళ్లలో రసాయనం అంటే జనం హడలిపోయే రోజులవి. కోర్టులో లాయర్లు, ఈ నీళ్లు మీ ఇంట్లోవారికి ఇస్తారా అని నిలదీశారు. వెనుకాడకుండా ఇస్తానని ఆయన చెప్పాడు. కోర్టు చివరికి ఆ పద్ధతిని ఒప్పుకుంది. కొన్నేళ్లలోనే అమెరికా నగరాలు వరుసగా అదే దారి పట్టాయి, టైఫాయిడ్ చావులు తగ్గుతూ వచ్చాయి. ఇసుక ఫిల్టర్ల పాత్ర కూడా అందులో ఉంది, అంతా క్లోరిన్ గొప్పే అనడం సరికాదు.

ఎంత వేశారన్నది కాదు, ఎంత మిగిలిందన్నది

ఇది ఈ పాఠానికంతటికీ గుండెకాయ లాంటి భాగం. కాస్త నిదానంగా చదవండి.

నీళ్లలో వేసిన క్లోరిన్ నేరుగా క్రిముల మీదికి వెళ్లదు. నీళ్లలో ఇనుము ఉంటే దానితో కలుస్తుంది. ఆకులు కుళ్లిన మలినం ఉంటే దానితో కలుస్తుంది. బురద, నాచు, మురుగులోని అమ్మోనియా అన్నీ తలా ఇంత లాగేసుకుంటాయి. నెల మొదటి తారీఖున వచ్చిన జీతం లాంటిదే ఇది. కిరాణా కొట్టు బాకీ, చిట్టీ, పిల్లల ఫీజు, మందుల దుకాణం అప్పు తీరాక చేతిలో మిగిలిందే ఆపదకు ఆదుకునేది. నీళ్ల బాకీని 'క్లోరిన్ డిమాండ్' అంటారు. బాకీ తీరాక అరగంటకు, గంటకు మిగిలి ఉన్నదాన్ని 'రెసిడ్యువల్ క్లోరిన్', అంటే మిగులు క్లోరిన్ అంటారు. ఎన్ని కిలోలు వేశారన్న లెక్క రిజిస్టరులో రాసుకోవడానికి పనికొస్తుంది. బిడ్డను కాపాడేది మిగులు మాత్రమే.

మన వరంగల్‌నే తీసుకోండి. కాకతీయుల కాలం నాటి భద్రకాళి, వడ్డేపల్లి చెరువులు, ధర్మసాగరం రిజర్వాయరు ఏళ్ల తరబడి నగరం దాహం తీర్చాయి. శ్రీరాంసాగర్ నుండి కాకతీయ కాలువ ద్వారా వచ్చే నీళ్లు వీటిని నింపాయి. ఇలాంటి చెరువు నీటిని ఫిల్టర్ బెడ్ దగ్గర పటిక కలిపి, బురదను పేర్చి, ఇసుక గుండా వడకట్టి, చివర క్లోరిన్ కలుపుతారు. క్లోరిన్ చివర ఎందుకు? బాకీలు ముందే తగ్గిస్తే మిగులు ఎక్కువ నిలుస్తుంది కాబట్టి. ఊళ్లలో మన అమ్మమ్మలు చిల్లగింజ అరగదీసి కుండ నీళ్లలో కలిపి తేటపరచినది కూడా ఈ మొదటి మెట్టే. అయితే తేటపడిన నీళ్లు క్రిములు లేని నీళ్లు కావు.

ఫిల్టర్ బెడ్ నుండి బయలుదేరిన శుభ్రమైన నీళ్లు కిలోమీటర్ల పొడవు పైపుల్లో ప్రయాణిస్తాయి. ఆ పైపులు చాలాచోట్ల మోరీల పక్కనే, కొన్నిచోట్ల మోరీలోనుంచే పోతాయి. రోజులో కొద్ది గంటలే నీళ్లు వదిలే ఊళ్లలో మిగతా సమయం పైపు ఖాళీగా ఉంటుంది. నీళ్లున్నప్పుడు వత్తిడి లోపలినుండి బయటికి తోస్తుంది. నీళ్లు ఆగినప్పుడు సన్నని పగుళ్ల గుండా మోరీ నీళ్లు లోపలికి జారుతాయి. నల్లాకు నేరుగా మోటరు బిగించి లాగేవారు ఈ పీల్చుడును ఇంకా పెంచుతారు. వారి సంపు త్వరగా నిండుతుంది నిజమే, కాని వీధి మొత్తానికి మోరీ నీళ్లు పంచే పని చేస్తున్నామని వారికి తెలియదు. కొద్ది మురుగు చేరితే పైపులో మిగులు క్లోరిన్ దానితో పోరాడుతుంది. మిగులు లేకపోతే పోరాడేవారెవరూ లేరు. మురుగు ఎక్కువగా చేరితే ఉన్న మిగులు కూడా చాలదు.

2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో జరిగింది అదే. మురుగు కలిసిన నల్లా నీళ్లు తాగి వందలమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు, పదిమందికి పైగా చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరులోనూ పైపుల్లో మురుగు చేరి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండుచోట్లా జనం తాగింది ఏ చెరువు నీళ్లో, గుంట నీళ్లో కాదు. నల్లా నీళ్లే.

ఇక వాసన సంగతి. సన్నగా మందు వాసన రావడం మంచి గుర్తు. అయితే దాన్నే పరీక్షగా పెట్టుకోవద్దు. మురుగులోని అమ్మోనియాతో క్లోరిన్ కలిస్తే క్లోరమిన్లు అనే పదార్థాలు వస్తాయి. వాటికి ఘాటు ఎక్కువ, క్రిములను చంపే శక్తి తక్కువ. ఉన్నట్టుండి ముక్కు మండే వాసన వచ్చినా, రోజూ వచ్చే వాసన అకస్మాత్తుగా మాయమైనా, నీళ్ల రంగు మారినా కార్పొరేషన్ వారికి, గ్రామంలో అయితే పంచాయతీకి, ఆశా కార్యకర్తకు చెప్పండి. సరైన పరీక్ష వేరే ఉంది. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెలో గొట్టంలో నీళ్లు పోసి ఆర్థోటొలిడిన్ చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి మిగులు ఎంతో చెబుతారు. పది సెకన్లలోపే చూడాలి; ఆ తర్వాత ముదిరే రంగు క్లోరమిన్లది. ఈ మందు క్యాన్సర్ కలిగించవచ్చన్న అనుమానంతో చాలాచోట్ల దీని బదులు గులాబీ రంగు చూపించే డీపీడీ మాత్రలు వాడుతున్నారు. పరీక్ష చేసిన నీళ్లను ఏదైనా సరే పారబోయాలి. క్లోరోస్కోప్ పట్టుకుని వీధిలోకి వచ్చిన వారిని చివరి ఇంటి నల్లా దగ్గరికి తీసుకువెళ్లండి. ట్యాంకు కింది మొదటి నల్లాలో మిగులు ఉండటం గొప్ప కాదు.

ఇంట్లో

నీళ్లు వదలగానే వచ్చే మొదటి రెండు బిందెలను కడగడానికి, చెట్లకు వాడుకోండి. పైపులో నిలిచినది, లోపలికి జారినది అంతా వాటితో పోతుంది. తర్వాత పట్టిన నీళ్లను మూత ఉన్న పాత్రలో పెట్టండి. ఎండకు, గాలికి క్లోరిన్ ఎగిరిపోతుంది. వాసన గిట్టనివారు గ్లాసులోకి తీసుకున్న నీళ్లను కాసేపు ఉంచి తాగవచ్చు గాని బిందె మొత్తం మూత తీసి ఉంచవద్దు. రంజనులో, కుండలో చేయి ముంచకుండా పొడుగు కాడ గరిటె వాడండి. ఇంత కష్టపడి శుద్ధిచేసిన నీళ్లు చివరి గజం దూరంలో మన వేళ్ల వల్ల పాడవడం మేము ఎక్కువగా చూసే విషయం.

ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆర్వో యంత్రాల్లో ఉండే బొగ్గు పొర క్లోరిన్‌ను తీసేస్తుంది. అక్కడినుంచి ఆ నీటికి కావలి లేదు. క్యాన్ సరిగా కడగకపోయినా, వారం రోజులు వాడినా క్రిములు హాయిగా పెరుగుతాయి. నల్లా నీళ్లలో క్లోరిన్ వాసన పడక క్యాన్ కొనేవారికి ఇది వింతగా తోచవచ్చు.

అనుమానం ఉన్న నీళ్లను తెర్లించి తాగడం అన్నిటికన్నా నమ్మకమైన మార్గం. నీళ్లు కళపెళ తెర్లిన తర్వాత మరో నిమిషం ఉంచితే చాలు. క్లోరిన్ మాత్రలు వాడితే ఆ పట్టీ మీద ఎన్ని లీటర్లకు ఒక మాత్ర అని రాసి ఉందో చూసి అంతే వాడండి. లీటరుకు వేసే మాత్రలు, ఇరవై లీటర్లకు వేసే మాత్రలు రెండూ దొరుకుతాయి. నీళ్లు మురికిగా ఉంటే ముందు పేర్చి, బట్టతో వడకట్టిన తర్వాతే మాత్ర వేయాలి.

చేదబావికి

2023 జులైలో వచ్చిన వానలు మనం మరచిపోలేం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచపల్లి మునిగిపోయింది, నగరంలో భద్రకాళి చెరువు కట్ట తెగింది. అలాంటి వరద తర్వాత బావుల్లోకి చేరేది వాన నీళ్లు ఒక్కటే కాదు. పెంట, పేడ, మరుగుదొడ్ల గుంటల్లోది అంతా చేరుతుంది. మునిగిన బావిని ముందు తోడి, పూడిక తీసి, ఒర కడిగి, ఆ తర్వాత మందు వేయాలి. దానికి మామూలుకన్నా ఎక్కువ మోతాదు కావాలి గనుక ఆరోగ్య కార్యకర్తను పిలిపించండి.

మామూలు రోజుల్లో లెక్క సులువు. బావి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి దాన్ని దానితోనే గుణించండి. వచ్చినదాన్ని నీటి లోతుతో, దాన్ని 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. చర్చి కాంపౌండులో ఉండే మాదిరి బావి అనుకోండి: 3 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల నీళ్లు. 3 × 3 × 4 × 785 = 28,260 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి చొప్పున సుమారు 70 గ్రాములు. అంచనాతో గుప్పెడు పోయకుండా కిరాణా కొట్టు త్రాసులో తూయించండి.

పొడిని నేరుగా బావిలో చల్లడం చాలామంది చేసే పని. అది సగం పైన తేలుతుంది, సగం అడుక్కి పోతుంది. ప్లాస్టిక్ బకెట్‌లో పొడి వేసి కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత ముప్పావు బకెట్ నీళ్లు పోసి కలియబెట్టండి. పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేట నీటిని మరో బకెట్‌లోకి వంచుకోండి. అడుగు సున్నాన్ని బావిలో పోస్తే నీళ్లు ఇంకా గడుసుబారుతాయి, దాన్ని పారబోయండి. తేట ఉన్న బకెట్‌ను తాడుతో నీటి లోపలికి దించి పైకి కిందికి, పక్కలకు బాగా ఆడించండి. ఈ పని రాత్రి అందరూ నీళ్లు తోడుకున్నాక చేయడం మంచిది. గంట దాకా ఎవరూ తోడకూడదు. తర్వాత మిగులు పరీక్ష చేయించండి. చాలకపోతే మళ్లీ వేయాలి. ఊళ్లో విరేచనాలు ప్రబలినప్పుడు మిగులు లీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉండేటట్టు ప్రతిరోజూ వేయాలి.

రోజూ వేయడం కుదరని చిన్న ఇంటి బావులకు నాగపూర్‌లోని నీరీ సంస్థ జంట కుండల పద్ధతి చెప్పింది. కిలో బ్లీచింగ్ పొడిని రెండు కిలోల గరుకు ఇసుకతో తడిపి చిన్న కుండలో నింపి, దాన్ని పెద్ద కుండలో పెట్టి, మూతి కట్టి నీటి మట్టానికి మీటరు కిందికి వేలాడదీస్తారు. లోపలి కుండకు పైభాగాన, బయటి కుండకు అడుగున కాస్త ఎత్తులో ఒక్కొక్క చిల్లు ఉంటుంది. మందు సన్నగా ఊరుతూ 4,500 లీటర్ల బావికి రెండు మూడు వారాలు పనిచేస్తుంది.

రోడ్డు అంచున ముగ్గు గీతలా పొడి చల్లడం గురించి ఒక మాట. ఎవరైనా పెద్దలు వస్తున్నారంటే ఇది తప్పకుండా కనబడుతుంది. ఎండకు, దుమ్ముకు ఆ క్లోరిన్ చాలా వరకు అక్కడే పోతుంది. ఆ సంచిలో పొడి వాటర్ ట్యాంకులోకి పోయి ఉంటే వీధి మొత్తానికి పనికొచ్చేది.

క్లోరిన్ వల్ల కానివి

మన జిల్లాల రాతి నేలల్లో బోరు నీటికి ఫ్లోరైడ్ బెడద ఉంది. క్లోరిన్ ఫ్లోరైడ్‌ను తీయదు. తెర్లిస్తే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అని పిలిచే విధానంలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి మూడూ వేస్తారు గనుక కొందరు పొరబడతారు. అందులో ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దించేది పటిక, సున్నం జోడీ. బ్లీచింగ్ పొడి పని క్రిముల వరకే. నైట్రేట్లు, ఉప్పదనం, పురుగుమందుల అవశేషాలు కూడా క్లోరిన్‌కు లొంగవు.

క్రిముల్లోనూ గట్టి పిండాలున్నాయి. కలరా, టైఫాయిడ్ బాక్టీరియా తేలిగ్గా చస్తాయి. కామెర్లు తెచ్చే వైరస్‌లకు మిగులు సరిగా ఉండి, సమయం ఇవ్వాలి. జిగట విరేచనాల అమీబా గుల్లలు మామూలు మోతాదును తట్టుకుంటాయి; వాటికి ఇసుక ఫిల్టరు, తెర్లించడమే మార్గం. క్లోరిన్ నీళ్లతో క్యాన్సర్ వస్తుందని విన్నవారు కూడా ఉంటారు. కుళ్లిన ఆకుల మలినంతో క్లోరిన్ కలిసినప్పుడు ట్రైహాలోమీథేన్లు అనే పదార్థాలు కొద్దిగా ఏర్పడేది నిజమే, వాటికి పరిమితులు కూడా ఉన్నాయి. ముందుగా నీటిని బాగా వడకట్టడం దానికి మందు. ఆ భయంతో క్లోరిన్ మానేయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోదు. ఎన్నో ఏళ్ల తర్వాత రాగల చిన్న ప్రమాదానికి జడిసి రేపే రాగల కలరాకు తలుపు తీసినట్టవుతుంది.

పొడితో జాగ్రత్త

బ్లీచింగ్ పొడిని గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, చీకటి చోట, పిల్లలకు అందకుండా పెట్టండి. చెమ్మ తగిలి గడ్డకట్టి వాసన పోయిన పొడిలో సున్నమే మిగులుతుంది, దానితో బావికి మందు వేసినా వేయనట్టే. ఐ.ఎస్.ఐ. గుర్తు, తయారైన తేదీ చూసి కొనండి. కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. కళ్లలో పడితే పావుగంట ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి రండి.

అన్నిటికన్నా ప్రమాదం బాత్‌రూములో జరుగుతుంది. మరకలు బాగా పోవాలని బ్లీచింగ్ పొడి మీద టాయిలెట్ యాసిడ్ పోసేవారున్నారు. పైన చెప్పిన రసాయన చర్య అప్పుడు వెనక్కి తిరుగుతుంది: ఆమ్లం తగలగానే నీళ్లలో కలవవలసిన క్లోరిన్ తిరిగి వాయువై లేస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చివేయగలదు. ఎప్పుడైనా పొరపాటున అలా జరిగితే కడగడానికి ఆగకుండా వెంటనే బయటికి వచ్చేయండి. వాయువు బరువైనది గనుక పడుకోవద్దు, కూర్చోవద్దు. గాలి వచ్చే వైపుకు, ఎత్తైన చోటికి నడవండి. ఉబ్బసం ఉన్నవారిని, పిల్లలను ముందు తీసుకురండి. దగ్గు, ఆయాసం వెంటనే రాకపోయినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, కాబట్టి ఆ రోజు డాక్టరుకు చూపించకుండా నిద్రపోవద్దు.